మాస్టారి పాటలో నాలుగో ముక్క

మా కాలేజీలో సంగీతం చెప్పే మాస్టారిని పిల్లలు చెవుల మాస్టారు అనేవారు. ఆయన చెవులు పెద్దవేం కావు. చాపెల్లో కోయిర్ అంతా ఒక్కసారిగా గొంతెత్తినా, అందులో పాడకుండా ఊరికే పెదవులు కదిపేది ఎవరో ఇట్టే పట్టేసేవారు. నేను చాలాసార్లు దొరికిపోయాను. నేను జువాలజీ చెప్పేవాణ్ని. గొంతు బాగుందని నన్ను కోయిర్లోకి తీసుకోలేదు. మగగొంతులు కరువై, గోడకు ఆనుకుని నిలబడ్డవాణ్ని లాక్కొచ్చి, అట్టడుగు స్థాయిలో పాడే బాస్‌లో పెట్టారు. "జువాలజీవారు ఈ పూట చేపల గురించి ఆలోచిస్తున్నట్టున్నారు, నోరు తెరిచి మూస్తున్నారు గానీ చప్పుడు రావట్లేదు" అనేవారు అందరిముందూ. నాకు ఒళ్లు మండేది. అయినా మానలేదు.

కాలేజీ క్వార్టర్సులో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. వాళ్లావిడను నేను మొదట్నుంచీ అక్కయ్యగారు అనేవాణ్ని. ఆ లెక్కన ఆయన నాకు బావగారు, మా ఆవిడకు అన్నయ్యగారు. బావగారైనా నోటికి మాత్రం మాస్టారనే వచ్చేది.

అక్కయ్యగారు కాలేజీ లైబ్రేరియన్. లైబ్రరీ ఆవిడ రాజ్యం. పుస్తకం తీసుకెళ్లి తిరిగి ఇవ్వని లెక్చరర్లను వెతుక్కుంటూ స్టాఫ్‌రూముకే వచ్చేవారు. "ఏమండీ, ఆ పుస్తకం మీ ఇంట్లో కాపరం పెట్టిందా? పిల్లల్ని కూడా కన్నదా?" అని అడిగేవారు. ప్రిన్సిపాల్ అమ్మగారు సైతం గడువు దాటిన పుస్తకం కొంగు చాటున దాచుకుని వెళ్లడం నేను కళ్లారా చూశాను. ఆ నోటికి జడవని మనిషి కాలేజీలో మాస్టారొక్కరే. ఆయన తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడట. పక్కగదిలో తిరిగే మిషను చప్పుడు వింటూ, పడుకున్నచోటు నుంచే చక్రంలో ఏ పన్ను అరిగిందో చెప్పేవాణ్ననేవారు. అలాంటి చెవికి అక్కయ్యగారి మాటల్లో కోపమెంతో వేళాకోళమెంతో విడివిడిగా వినపడేదేమో.

మా కాలేజీకి ఒక పద్ధతి ఉంది. ఏడాదికి ఒక్కటైనా కొత్తగా నేర్చుకోనివాడికి పాఠం చెప్పే అర్హత లేదని, నేర్చుకున్నది దేవుడి ముందు పెట్టి తీరాలని కాలేజీ స్థాపించినవాళ్లు అనుకున్నారు. అందుకని ఏటా ఒక సాయంత్రం చాపెల్లో అధ్యాపకుల సభ జరుగుతుంది. ప్రసంగ వేదిక కింద పొడుగాటి బల్ల వేసి తెల్లగుడ్డ పరుస్తారు. ఆ ఏడు రాసిన పుస్తకమో, వ్యాసమో, వేసిన బొమ్మో, కట్టిన పాటో తెచ్చి ప్రతివాళ్లూ దానిమీద పెట్టాలి. పెట్టి, నాలుగు మాటలు చెప్పాలి. తక్కినవాళ్లు ప్రశ్నలు అడగాలి. చివర ప్రిన్సిపాల్ అమ్మగారు ఆ బల్లమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. మా కామర్సాయన ఏటా ఒకే వ్యాసానికి కొత్త పేరు పెట్టి తెచ్చేవాడు. నేను కాలేజీ తోటలోని నత్తల మీద పని చేస్తుండేవాణ్ని. నా పరిశోధనది కూడా నత్తనడకేనని అక్కయ్యగారు సభలోనే అన్నారు. నవ్వనివాడు లేడు.

మాస్టారు మాత్రం ఏళ్ల తరబడి ఒకే పాట మీద కూర్చున్నారు. సాయంత్రపు ఆరాధనకు నాలుగు గొంతులతో పెద్ద పాట. "ఈ ఏడైనా బల్లమీదకి వస్తుందా మాస్టారూ?" అంటే, "ఇంకా ఉడకలేదయ్యా" అనేవారు. ఆ పాటలో ఆల్టో వంతు అక్కయ్యగారి గొంతు కోసం రాశారు. ఆల్టో అంటే ఆడవాళ్ల గొంతుల్లో కింది స్థాయిది. విడిగా ఎవరికీ వినపడదు, తీసేస్తే మాత్రం పాట డొల్లవుతుంది. ఆవిడ కోయిర్లో అదే పాడేవారు.

పాట ఉడికిన ఏడే ఆవిడ పడిపోయారు. లైబ్రరీ కౌంటరు దగ్గర పుస్తకంమీద ముద్ర వేయబోతూ అలాగే పక్కకు ఒరిగారు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. మాట పోయింది. ఎవరేం చెప్పినా అర్థమయ్యేది, కళ్లతో ఎప్పటిలాగే ఎగతాళి చేసేవారు, కానీ నోట్లోంచి "అదే, అదే" అన్న ఒక్క ముక్కే వచ్చేది. ఆకలికీ అదే, కోపానికీ అదే. అంత నోరున్న మనిషికి దేవుడు ఆ ఒక్క ముక్క మిగిల్చాడేమిటా అని నాకు ఆయనమీద కోపం వచ్చింది. ఆ ఆదివారం చాపెల్‌కు వెళ్లలేదు.

మాస్టారు ఆవిణ్ని ఒక్క క్షణం వదలలేదు. ఇంట్లో సరే, క్లాసుకు కూడా చక్రాల కుర్చీలో వెంట తీసుకెళ్లి హార్మోనియం పక్కన కూర్చోబెట్టుకునేవారు. చాకిరీ చెయ్యడానికి ఆయనకు విసుగు లేదు. ఆయన బాధ వేరు. ఒకరోజు వరండాలో కూర్చుని లోకంతో పనిలేనివాడిలా చెప్పుకుపోయారు.

"రోజుకి ఎన్నిసార్లు పిలిచేదో తెలుసా? ఇలా రండి. సీసా మూత రాకపోతే ఇలా రండి. పుస్తకంలో ఒక మంచి వాక్యం కనిపిస్తే ఇలా రండి. గోడమీద బల్లి ఉంటే ఇలా రండి. ప్రశాంతంగా రెండు స్వరాలు రాసుకోనివ్వదని సణుక్కునేవాణ్ని. ఇప్పుడు ఇల్లుంది, మనిషుంది, పిలుపు లేదయ్యా. నాకింకేం అక్కర్లేదు. ఒక్కసారి పిలిస్తే చాలు."

"వస్తుందిలెండి మాస్టారూ" అన్నాను, ఎలా వస్తుందో నాకే తెలియకుండా.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఆవిడ అక్కయ్యగారికి తల దువ్వుతూ, సండేస్కూల్లో చిన్నపిల్లలు పాడే పిచ్చుకల పాట కూనిరాగం తీసింది. రెండో చరణానికి వచ్చేసరికి అక్కయ్యగారు అందుకున్నారు. మాటలతో సహా. ఒక్క మాట పొల్లు పోకుండా. మాస్టారు గిన్నెలు తోముతున్నవారు సబ్బుచేతులతో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. ఆవిడ పాట పూర్తిచేసి, ఆయన్ని చూసి ఏదో చెప్పబోయారు. "అదే, అదే" అనే వచ్చింది.

డాక్టరును అడిగితే, మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగులుతుందని, మెదడులో ఆ రెంటికీ దారులు వేరని చెప్పాడు. చిన్నప్పుడు ఒంటబట్టింది తేలిగ్గా వస్తుందన్నాడు. మాస్టారు నా దగ్గరున్న శరీరశాస్త్రం పుస్తకాలన్నీ మోసుకుపోయి చదివారు. అర్థంకాని చోటల్లా గోడ తట్టి నన్ను పిలిచేవారు. నాకూ అన్నీ తెలిసి చావలేదు. ఇద్దరం కలిసే నేర్చుకున్నాం.

అయినా మొదట పొరపాటు పని చేశారు. తన పెద్ద పాటలోని ఆల్టో వంతు నేర్పడానికి కూర్చున్నారు. అది ఆవిడ కోసమే రాసిందాయె. రెండు వారాలు చూశాను. ఆవిడ మొదటి నాలుగు స్వరాల దగ్గరే తప్పిపోయేవారు. మళ్లీ మొదలుపెట్టేవారు. ఒకనాడు ఎడంచేత్తో ఆయన ముందున్న కాగితాలను మెల్లగా పక్కకు నెట్టి, తల అటు తిప్పుకుని ఏడ్చారు. మాస్టారు ఆ కాగితాలు తీసి అల్మారాలో పెట్టేశారు. అన్నేళ్ల చాకిరీ అది.

మర్నాటినుంచి పిచ్చుకల పాట బాణీకి కొత్త మాటలు కట్టడం మొదలుపెట్టారు. కవిత్వం కాదు, ఇంట్లో మాటలు. మొత్తం నాలుగు ముక్కలు.

మంచినీళ్లు కావాలి, కొంచెం చాలు
కిటికీ తియ్యండి, గాలి రానీ
నొప్పి ఇక్కడండి, ఇక్కడండి
ఇలా రండి, నా పక్కన కూర్చోండి

ఆయన పక్కన కూర్చుని ఆవిడ ఎడంచేతిని కుర్చీ చేతిమీద తాళంగా తట్టిస్తూ పాడేవారు. గోడకు ఇవతల మేం కూడా ఆ పాటతోనే అన్నాలు తినేవాళ్లం. మా ఆవిడ నన్ను మంచినీళ్లు కూడా అదే బాణీలో అడగడం మొదలుపెట్టింది. వేసవి ముదిరాక ఒక మధ్యాహ్నం అక్కయ్యగారు మొదటి ముక్క పాడారు. పాఠంగా పాడలేదు. నిజంగానే దాహమేసి పాడారు. మాస్టారు గ్లాసు నింపబోయి సగం నేలమీద పోశారు. తర్వాత కిటికీ ముక్క వచ్చింది. కుర్చీ చక్రం కింద కాలివేలు పడ్డ రోజున నొప్పి ముక్క వచ్చింది. మాస్టారు ఆ వేలికి కట్టుకడుతూ నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు, ఆవిడ గుర్రుగా చూస్తున్నారు.

నాలుగోది రాలేదు.

రోజూ సాయంత్రం ఆయన ఆవిడ మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుని అదే ముక్క పాడేవారు. ఇలా రండి, నా పక్కన కూర్చోండి. ఆవిడ వినేవారు. తాళం తట్టేవారు. ముద్దుగా ఒకసారి ఆయన బుగ్గ కూడా తట్టారట. పాడేవారు కాదు. మిగతా మూడూ అవసరమైనప్పుడల్లా వస్తూనే ఉన్నాయి. వర్షాలు వచ్చి వెళ్లాయి. మాస్టారు చిక్కిపోయారు. "నేనంటే కోపమేమోనయ్యా" అన్నారొకసారి. "మీరంటే ఎప్పుడు కోపం లేదు గనక" అన్నాను నవ్వించడానికి. నవ్వలేదు.

అధ్యాపకుల సభ వచ్చింది. ఈ ఏడు బల్లమీద ఏదో ఒకటి పెడతానని మాస్టారు ముందే చెప్పారు. పెద్ద పాటేననుకుని కోయిర్ సంబరపడింది. ఆ సాయంత్రం ఆవిణ్ని కూడా తీసుకువెళ్లడానికి కుర్చీ గుమ్మం దాకా తెచ్చారు. ఆవిడ ఎడంచేత్తో తలుపుచట్రం పట్టుకున్నారు. వదలరు. తను కేకలేసిన లెక్చరర్లందరి ముందుకూ నోరు పోయి వెళ్లడం ఇష్టం లేదని నాకర్థమైంది. మాస్టారికీ అర్థమైంది. మా ఆవిడ, "నేనుంటాలెండి అన్నయ్యగారూ, మీరు వెళ్లిరండి" అంది. అక్కయ్యగారు జబ్బుపడ్డాక ఆయన ఆవిణ్ని వదిలి బయటికి రావడం అదే మొదలు. దారిలో మూడుసార్లు వెనక్కి చూశారు.

బల్లమీద ఆయన పెట్టింది ఒకటే కాగితం. ఆ నాలుగు ముక్కలు చదివి, బాణీ హార్మోనియం మీద వాయించి, మాట పోయిన మనిషి దగ్గరికి పాట ఏ దారిన వెళ్తుందో తను చదివిందీ చూసిందీ చెప్పారు. తనకు తెలియని చోట తెలియదన్నారు. చివరి ముక్క ఇంకా రాలేదని కూడా చెప్పారు.

చరిత్ర చెప్పే మేడమ్ లేచారు. ఆవిడ మనసు చెడ్డది కాదు, నియమం నియమమే ఆవిడకు. "మాస్టారూ, తప్పుగా అనుకోకండి. బాణీ పాత సండేస్కూలు పాటది. మాటలేమో ఇంట్లో అందరూ అనేవే. ఇందులో మీరు సృష్టించింది ఏదని రాసుకోమంటారు?"

మాస్టారు కాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. "ఏదీ లేదమ్మా" అన్నారు. "ఏం రాసుకోకపోయినా ఫర్వాలేదు. కాగితం మాత్రం బల్లమీద ఉండనివ్వండి, ప్రార్థన అయ్యేదాకా."

ప్రిన్సిపాల్ అమ్మగారు ఆ ఏడు ప్రార్థన చేసేటప్పుడు పుస్తకాల గుట్ట మీద కాకుండా ఆ కాగితం మీద చెయ్యి ఉంచారు. ఆమెన్ అన్నాక టీ కూడా తాగకుండా మాస్టారు బయల్దేరారు. నేను చేతిలో బిస్కట్టుతో వెనకాల పరుగెత్తాను.

మా ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. "అన్నయ్యగారూ, పాడింది" అంది.

"ఏది?"

"నాలుగోది. మీరు గేటు దాటి మలుపు తిరిగారో లేదో, తలుపు వంక చూసింది. కాసేపు చూసి పాడింది. మళ్లీ పాడింది. ఇప్పుడే వస్తారు వదినగారూ అంటే ఊరుకుంది. కాసేపటికి మళ్లీ అందుకుంది. మీరు వచ్చేదాకా అదే వరస."

మాస్టారు చెప్పులతోనే లోపలికి వెళ్లారు. ఆవిడ ఆయన్ని చూసి ఎడంచేత్తో చొక్కా అంచు పట్టుకున్నారు. "ఒక్కసారోయ్" అని మాస్టారు బతిమాలారు. "ఒక్కసారి అను." ఆయనే ఎత్తుకుని పాడారు. ఆవిడ ఈయనకు మతి పోయిందా అన్నట్టు చూసి, పక్కనున్న స్టూలు చూపించారు. "అదే, అదే."

నాకు అప్పుడు తట్టింది. జంతువుల మధ్య బతికినవాణ్ని, ముందే తట్టాల్సింది. "మాస్టారూ, తల్లి రెక్క కింద ఉన్న పిల్ల ఎందుకు అరుస్తుంది? దాహమైతే నీళ్లడిగారు, ఉక్కపోస్తే కిటికీ తియ్యమన్నారు. మీరు పక్కనే కూర్చుని పక్కన కూర్చోమని అడగమంటే ఎందుకడుగుతారు?"

ఆయన స్టూలుమీద కూలబడ్డారు. ఇన్నాళ్లూ ఆవిణ్ని అంటిపెట్టుకుని ఉండి, పిలవడం నేర్పుతున్నారు.

మర్నాడు సాయంత్రం నన్ను తోడు రమ్మన్నారు. ఆవిడతో, "కాలేజీ దాకా వెళ్లొస్తానోయ్" అని చెప్పి గేటు చప్పుడు చేసి బయటికొచ్చారు. ఇద్దరం దొంగల్లా ఇంటి వెనక్కి తిరిగివచ్చి, పంపు దగ్గర, సగం తెరిచిన కిటికీ కింద నిలబడ్డాం. లోపల చాలాసేపు చప్పుడు లేదు.

తర్వాత ఆవిడ పాడారు. ఇలా రండి, నా పక్కన కూర్చోండి.

గొంతు సన్నబడింది, అంచులు అరిగాయి, అయినా అక్కయ్యగారి గొంతే. మాస్టారు కళ్లు మూసుకున్నారు. నేను మోచేత్తో పొడిచాను, వెళ్లండని. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. ఆవిడ మళ్లీ పాడారు, ఈసారి కొంచెం పైస్థాయిలో. ఆయన ముఖం చూడాలి అప్పుడు. ఎండిన నేలమీద వాన పడుతున్నట్టుంది. ఇంకా ఆగమన్నారు. నాక్కూడా ఆయన్ని కదపబుద్ధి కాలేదు. ఎంతకాలం నుంచి కోరుకుంటున్నాడో మనిషి.

మూడోసారి సగంలో ఆగిపోయింది. చక్రం నేలకు రాసుకున్న చప్పుడు. ఏదో గోడకు తగిలింది. మాస్టారు కళ్లు తెరిచి కిటికీలోంచి చూశారు. నేనూ చూశాను.

ఆవిడ గుమ్మందాకా వెళ్దామని కుర్చీ నడపబోయారు. పనిచేసేది ఎడంచెయ్యి ఒక్కటే, ఎడం చక్రమే తిరిగింది. కుర్చీ ఉన్నచోటే గుండ్రంగా తిరిగి గోడకు తన్నుకుంది. తలుపు ఆవిడ వీపు వెనక్కి పోయింది. ముఖం ముందు వట్టి సున్నపు గోడ. ఆవిడ ఆ గోడకేసి చూస్తూ పిలుస్తున్నారు. బాణీ పోయింది, మాటలే మిగిలాయి. ఇలా రండి. ఇలా రండి.

మాస్టారు అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. పంపు దగ్గర జారి, చెయ్యి ఆనించి లేచి, ఒక చెప్పు అక్కడే వదిలేసి ఇల్లు చుట్టివెళ్లారు. నేను కిటికీ దగ్గరే ఉండిపోయాను. ఆయన కుర్చీ ఇటు తిప్పి, ఆవిడ ముందు నేలమీద కూర్చుని, ఆవిడ ఒళ్లో తల పెట్టారు. "నీ పిలుపు పాటలాగా వింటూ నిలబడ్డానోయ్" అన్నారు. ఆవిడ ఎడంచెయ్యి ఆయన తలమీద పెట్టారు. మరేం పాడలేదు.

ఇంకోసారి వెళ్దామా మాస్టారూ అని నేనెప్పుడూ అడగలేదు. ఆ తర్వాత ఆవిడ చాలా ఏళ్లు బతికారు. నీళ్లూ కిటికీ నొప్పీ గోడ ఇవతలికి వినపడుతూనే ఉండేవి. నాలుగో ముక్క మళ్లీ వినపడలేదు. ఆయన ఒక్క సాయంత్రం కూడా ఆవిడ పక్కనుంచి లేచి వెళ్లలేదు మరి.